మేనత్త నేర్పిన చదరంగం

నేస్తమా, నిన్న అశోక్ నగర్‌లో చాయ్ బండి దగ్గర ఇద్దరు హాస్టల్ పిల్లలు చెస్ ఆడుతున్నారు. ఒకతను బంటును రెండు గళ్లు జరపగానే రెండో అతను నవ్వాడు. "మా తాత ఆటల బంటు ఒక్క గడే నడుస్తుండె అన్నా. పాత పద్ధతి గట్లనే ఉంటది."

నేను అక్కడే నిలబడిపోయాను.

మన చిన్నప్పటి చిక్కడపల్లి మధ్యాహ్నాలు గుర్తున్నాయా? కరెంటు పోగానే మా మేనత్త చదరంగం గుడ్డ పరిచేది. రంగు వెలిసిన చెక్క ఏనుగులు, ఒంటెలు పేర్చి ఆట నేర్పింది ఆమే. ఏడో తరగతిలో నారాయణగూడలో పోటీకి వెళ్లాను. బంటు మొదటి ఎత్తులో రెండు గళ్లు నడవొచ్చని తెలియక అందరిలో నవ్వులపాలయ్యాను.

ఇంటికొచ్చి అరిచాను. "నీకు ఆటే రాదత్తా! అన్నీ తప్పులే నేర్పినవ్."

"మా నాయిన నాకు గిట్లనే నేర్పిండు బిడ్డా" అంది అత్త మెల్లగా. "పోనీ, కొత్తది నువ్వు నాకు నేర్పరాదు?"

"నాకు టైం లేదు" అన్నాను.

మరో రెండుసార్లు అడిగి ఊరుకుంది. ఆమె పోయిన ఇన్నేళ్లకు, ఆమె ఆట తప్పు కాదని నిన్న తెలిసింది. తప్పే అయినా ఒక్క పూట పక్కన కూర్చోవాల్సింది.

ఆ గొడవ తర్వాత నేను పోటీల నుంచి వచ్చినప్పుడల్లా అత్త "గెలిచినవా బిడ్డా?" అని ఎదురొచ్చేది. ఎట్లా గెలిచానో మాత్రం ఎన్నడూ అడగలేదు.