పెద్దమ్మ విన్న అలలు

మా ఎదురింటి పెద్దమ్మ ఇక లేదు. పొద్దున నేను స్కూలుకు తయారవుతుంటే వాళ్ల కోడలు తలుపు దగ్గరికొచ్చి, "అక్కా, అత్తమ్మ నిద్రల్నే పోయింది" అంది. పిల్లలకు సైన్సు చెప్పే టీచర్ని నేను. పుస్తకాల సంచి గుమ్మంలోనే దించి ఆమె వెంట నడిచాను.

సూరత్‌లో పర్వత్ పాటియా అనే పేట మాది, గల్లీ నిండా మగ్గాల మోత. పెళ్లయి సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చిన నాటి నుంచీ పెద్దమ్మ ఆ మోత పక్కనే కూర్చుని నూలు కండెలు చుట్టింది. ఆ మోతే మెల్లమెల్లగా ఆమె చెవులను తినేసింది. ఆమెతో మాట్లాడటమంటే గల్లీ మొత్తానికి చాటింపు వేయడమే. మా ఇంట్లో ఏ కూరో అందరికీ తెలిసిపోయేది. దానికి ఆమె నవ్వేది. కొత్తగా మాటలు నేర్చిన మనుమరాలి గొంతు తనకు అందడం లేదన్నదే ఆమె దిగులు.

ఒక సాయంత్రం డాబా మీద ఆరిన చీరలు తీస్తున్నాం. గాలికి ఎగిరే రంగుల మధ్య ఆమె కలలో మనిషిలా కనిపించింది. సలాబత్‌పురా బజారులో లాకెట్లు అమ్మే ఒకడు ఆమెకు ఒకటి చూపించాడట.

"బిడ్డా, గా స్కేలార్ అలలంటే ఏంది? గోడల్లకెల్లి గూడ వోతయట. మెడల ఏస్కుంటే చెవులు మల్లొస్తయట. ఇగ డాక్టర్ తానికి ఎందుకు?"

చీర ఒక కొస ఆమెకిచ్చి, రెండోది నేను ఊపాను. అల ఆమె దాకా పోయింది. "చూడు పెద్దమ్మా, అల నీ దిక్కు వచ్చింది, బట్ట మాత్రం కిందికీ మీదికీ ఊగింది. వెలుతురూ ఇట్లనే, దాని ఊపుకు ఒక దిక్కుంటది. స్కేలార్‌కు ఆ దిక్కుండదు. ఒక్కో తావుల ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అన్నదే. పొయ్యి కాడ వేడి లెక్క."

"గసుంటిది యాడుంటది?"

"చప్పుడు. గాలి ఒకసారి బిగుసుకుంటది, ఒకసారి వదులైతది. ఆ బిగువే అలలెక్క సాగుతది. వాడు చెప్పే మహిమలు మాత్రం ఎవరూ రుజువు చేయలేదు."

అరిచి అరిచి నా గొంతు పోయింది. ఆమె చీర మడత పెట్టి భుజాన వేసుకుంది.

"గట్లయితే మగ్గాల చప్పుడై బతుకంత నా చెవులల్ల వడ్డయి గవే కదనే. ఇంక మెడల గూడ ఏసుకోవాల్నా?"

ఇద్దరం నవ్వి నవ్వి అక్కడే కూలబడ్డాం. ఆ వారమే కొడుకును వెంటబెట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లింది. పోయిన వినికిడి తిరిగి రాదని, మిగిలినదానికి చెవి మిషన్ సాయం చేస్తుందని ఆయన చెప్పాడు. మిషన్ పెట్టుకున్న కొత్తలో గిన్నెల చప్పుడుకే ఉలిక్కిపడేది. నాకు మాత్రం ఇక అరవక్కర్లేదని ప్రాణం హాయిగా ఉండేది.

ఇప్పుడు వాళ్ల గుమ్మం వైపు చూస్తే ఒక మధ్యాహ్నమే కనిపిస్తోంది. మనుమరాలు ఆమె మెడ చుట్టూ చేతులేసి చెవిలో ఏదో గుసగుసలాడింది. పాప మాట పూర్తి కాకముందే పెద్దమ్మ ముఖమంతా నవ్వు పరుచుకుంది. నన్ను చూసి, పాపకు చెప్పొద్దన్నట్టు కన్ను గీటి, మళ్లీ చెవి పాప నోటి దగ్గర పెట్టింది.

"ఇనవడలే బిడ్డా. జర మల్లొక్కసారి చెప్పు."