మా పిల్ల వేళ్ళు, మేష్ట్రు పాఠం

నేను ఎవరితోనూ గొడవకు పోయేవాణ్ణి కాదు. ఈ రోజు బడికి పోయినాను.

మా ఇంట్లో విత్తనానికి శెనక్కాయలు వొలుస్తాండాము. పక్కూరు నాగలమడికలో వొలిచే మిషన్ ఉండాది గానీ, దాంట్లో వేస్తే పప్పు చీలుతాది, చీలిన పప్పు మొలవదు. అందుకే చేత్తోనే వొలిచేది. వొలిచి వొలిచి మనవరాలు లక్ష్మికి వేళ్ళ కొసల్లో తోలు ఊడిపోయింది. నిన్న బడిలో రాయలేకపోతే ఇంగ్లీషు మేష్ట్రు ఆ వేళ్ళ మీదనే బెత్తంతో కొట్టినాడు.

అడుగుదామని పోతే, బోర్డు మీద ‘ఎక్సూవియేట్’ అనే మాట రాసి చెప్తాండాడు. పాము కుబుసం విడిచినట్ల పైతోలు వదిలేదంట. నన్ను చూసి కూడా, లక్ష్మి చెయ్యి పైకెత్తి పిల్లోళ్ళకు చూపించినాడు.

"చూడండిరా, ఎక్సూవియేట్ అంటే ఇదే!"

అందరూ నవ్వినారు. లక్ష్మి తల దించుకునింది.

"పిల్ల చెయ్యి ఇడువు సామీ," అన్నాను.

"పాఠం జరుగుతాంది, బయట నిలబడు పెద్దాయనా."

"అది నా మనవరాలి చెయ్యి. నీ పాఠం కాదు."

బల్ల మీది బెత్తం తీసి విరిచేసి, పిల్లను పిలుచుకొని వచ్చినాను.

సాయంత్రం మేష్ట్రు కబురు పంపినాడు. కొత్త బెత్తం తెచ్చిస్తేనే పిల్లను బడిలోకి రానిస్తాడంట. మా పిల్లను కొట్టే బెత్తం నేనే కొనియ్యాలంట. మీరైతే కొనిస్తారాప్పా?