కొత్త గుంజ బరువెత్తుకునే దాకా

మా బావ, అంటే మా అక్క భర్త, కోలారు బంగారు గనిలో టింబర్‌మన్‌గా పనిచేశాడు. భూమి లోపల తవ్విన దారుల్లో పైకప్పు కూలకుండా గుంజలు నిలబెట్టడం ఆయన పని. నేనూ ఆ గనిలోనే ఉద్యోగిని, కానీ నేల మీద. టైమాఫీసులో కూర్చుని, ఏ షిఫ్టుకు ఎవరు దిగారో, ఎవరు పైకొచ్చారో రాసుకునే గుమాస్తాను. గని ప్రభుత్వం చేతికి వచ్చిన తర్వాత ఇద్దరం చేరాం, అది మూతపడక ముందే ఇద్దరం రిటైరయ్యాం. నేను రాబర్ట్‌సన్‌పేటలో ఇల్లు కట్టుకున్నాను. బావ, అక్క మాత్రం కోరమండల్ అనే గని కాలనీలోని పాత క్వార్టర్‌లోనే ఉండిపోయారు. రేకుల కప్పు, ముందర చిన్న తడికల వసారా, వీధి చివర కొళాయి.

ప్రతి ఆదివారం పొద్దున నేను కోరమండల్ వెళ్ళేవాణ్ణి. చేతిసంచిలో బీపీ మిషను ఉండేది. ముగ్గురికీ బీపీ ఉంది కాబట్టి ముగ్గురికీ చూసి, ఇంటికొచ్చాక ఆ అంకెలు డైరీలో రాసేవాణ్ణి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ డైరీ రాయడం అలవాటు. వానలు, పెళ్ళిళ్ళు, కరెంటు పోయిన రోజులు, అన్నీ ఉంటాయి అందులో. వయసు మీదపడ్డాక బీపీ కూడా వచ్చి చేరింది.

"వచ్చినాడమ్మా టైమాఫీసు, హాజరు బెట్టుకునేదానికి," అనేవాడు బావ నన్ను చూడగానే. బనీను మీదే కుర్చీలో కూర్చుని చెయ్యి చాపేవాడు.

ఆయనకు చాలా ఏళ్ళుగా రెండు మాత్రలు నడుస్తున్నాయి. ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం. పొద్దునది ఏనాడూ తప్పేది కాదు, అక్క కాఫీతో పాటు చేతిలో పెట్టేది కాబట్టి. సాయంత్రం అయ్యేసరికి ఆయన టీ అంగడి ముందు పాత షిఫ్టు స్నేహితులతో కూర్చునేవాడు. ఆ మాత్ర సగం రోజులు డబ్బాలోనే ఉండిపోయేది. దాంతో నా మిషనులో అంకెలు దిగేవి కావు.

ఒకసారి ముగ్గురం కలిసి రాబర్ట్‌సన్‌పేటలోని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. వయసులో చిన్నది, ఓపిక ఉన్న మనిషి. కన్నడం, తమిళం, తెలుగు మూడూ కలిపి మాట్లాడేది. బావ బీపీ చూసి, "మాత్రలు సరిగా ఏసుకుంటా ఉండారా తాతా?" అంది.

"ఆమా, ఏసుకుంటా ఉండాను," అన్నాడు బావ.

"పొద్దుటిది ఏసుకుంటాడు. సాయంత్రందానికి టీ తాగుతాడు," అంది అక్క.

డాక్టరమ్మ నవ్వి చీటీ మార్చి రాసింది. ఆ రెండు మందులూ కలిపిన మాత్ర ఒకటి దొరుకుతుందని, పొద్దున ఒక్కసారి వేసుకుంటే రోజంతా పనిచేస్తుందని చెప్పింది. "రేపట్నుంచి ఇది ఒక్కటే తాతా. పాతవి రెండూ వద్దు," అని స్పష్టంగా అంది. బావ తల ఊపాడు. నేను విన్నాను, అక్క వింది.

మరుసటి ఆదివారం బీపీ బాగా దిగింది. ఆ తర్వాతి వారం ఇంకా దిగింది. కొత్త మాత్ర బాగా పట్టింది అనుకుని సంతోషంగా డైరీలో రాసుకున్నాను. ఆ పై వారం అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, "మీ బావ కాళ్ళు చూడు, ఎట్ల వాచినాయో. లేస్తానే గోడ బట్టుకుంటాడు. అడిగితే వయసు అంటాడు," అంది. నేను వసారాలోకి వచ్చి చూశాను. చీలమండల దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోంది.

"ఏం బావా ఇది?"

"ముసిలోళ్ళకు కాళ్ళు వాచకుండా ఇంగేం వాస్తాయి? సుమ్మనుండు," అని కసిరాడు.

మళ్ళీ డాక్టరమ్మకు చూపిద్దామన్నాను. వచ్చే వారం చూద్దాం అన్నాడు. ఆ వచ్చే వారం రాకముందే పడిపోయాడు.

కొళాయిలో నీళ్ళు వచ్చే పొద్దు అది. బావ బిందె కింద పెట్టి గొంతుక్కూర్చుని, అది నిండగానే లేచి నిలబడ్డాడు. నిలబడినవాడు నిలబడినట్టే పక్కకు ఒరిగిపోయాడు. వరుసలో ఉన్న ఆడవాళ్ళు పట్టుకోబట్టి తల రాయికి తగలలేదు. కనుబొమ మీద మాత్రం చర్మం చీరుకుపోయింది. అక్క ఫోను చేసింది. నేను ఆటోలో వెళ్ళేసరికి కట్టుకట్టిన నొసటితో మంచం మీద పడుకుని ఉన్నాడు.

పడుకుని ఉండగానే బీపీ చూశాను, తక్కువగా ఉంది. మెల్లగా కూర్చోబెట్టి, తర్వాత అక్క భుజం పట్టుకుని నిలబడమని మళ్ళీ చూశాను. ఇంకా పడిపోయింది. వెంటనే పడుకోబెట్టేశాను.

"ఇది ఆ కొత్త మాత్ర చేసిన పనే," అన్నాడు బావ కళ్ళు మూసుకుని. "దాన్ని రేపట్నుంచి ముట్టను. పాతవే మంచివి. అవి ఉండాయి కాబట్టి నేను ఈమాత్రం నిలబడి ఉండాను."

నాకు అర్థం కాలేదు. "పాతవి ఎక్కడున్నాయి బావా? అవి ఆపేశావు కదా?"

"యాడ ఆపినా? ఏసుకుంటానే ఉండాను. పొద్దున కొత్తదాంతో పాటు ఒకటి, సాయంత్రం ఒకటి."

అక్క నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "సాయంత్రంది ఎన్నడూ ఏసుకోనోడివి, ఇప్పుడు యాడనుంచి వచ్చింది నీకు అంత శ్రద్ధ?"

"కొత్తది కుదురుకునే దాకా పాతవి జాస్తి జాగ్రత్తగా చూసుకోవల్ల గదా," అన్నాడాయన, అదేదో అందరికీ తెలిసిన సంగతి అన్నట్టు.

అప్పుడు చెప్పాడు. గనిలో ఒక గుంజ పుచ్చిపోతే దాన్ని ముందుగా తియ్యరు. పక్కనే కొత్త గుంజ నిలబెట్టి, పైన చెక్కముక్కలు దూర్చి బిగించి, వదిలేస్తారు. పైనున్న రాతి కొండ మెల్లగా దిగి కొత్త గుంజ మీద కూర్చోవాలి. రోజూ సుత్తితో తట్టి చూస్తారు. బోలుగా మోగితే అది ఇంకా బరువెత్తుకోలేదన్నమాట. గట్టిగా, సన్నగా మోగిన రోజునే పాత గుంజను కొట్టి తీస్తారు. ముందే తీసినవాడు ఆ రాళ్ళ కిందే ఉండిపోతాడు.

"నా కండ్ల ముందర ఒకడు తొందరపడినాడు బామ్మర్దీ. వానికి రెండు దినాలు తవ్వినాము. ఆ డాక్టరమ్మ చిన్నబిడ్డ. రేపే తీసెయ్ అంటాది. ఎట్ల తీసేదప్పా? కొత్తది బరువెత్తుకున్యాదో లేదో ఎవురికి తెలుసు?"

ఆయన ఏమరుపాటుగా చేసిన పని కాదది. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆయన్నీ, ఆయన నిలబెట్టిన గుంజల కింద నడిచినవాళ్ళనూ బతికించిన పద్ధతి. దాన్నే నమ్మి రెండింతల మందు మింగాడు.

"బావా, కొత్త మాత్రలో ఏముందనుకుంటున్నావు?"

"కొత్త మందు."

"కాదు. నీ పాత మందులు రెండే. రెండు గుంజల్నీ కలిపి ఒకే కట్టుగా కట్టి ఇచ్చారు. నువ్వు ఆ కట్టునూ నిలబెట్టావు, పాత రెంటినీ ఉంచావు. ఒకే చోట నాలుగు గుంజలు."

ఆయన కళ్ళు తెరిచాడు. పైకప్పు రేకుల వంక చూశాడు.

"నాలుగు గుంజలు బెడితే మనిషి పోయేదానికి దోవ యాడుంటాది," అన్నాడు.

"అందుకే పడినావు," అంది అక్క.

ఆ క్షణంలో గెలిచామనే అనుకున్నాను. కానీ బావ మంచం మీద పక్కకు తిరిగి, "అయితే ఇంగ అన్నీ తీసేస్తా. కొన్నాళ్ళు ఏమీ వద్దు. ఒళ్ళు దానంతట అది సరిపోనీ," అన్నాడు.

అక్క చప్పున మంచం అంచున కూర్చుంది. ఆ లైన్లోనే రెండిళ్ళ అవతల ఒకాయన ఉండేవాడు. బావతో పాటు దిగినవాడే. బాగున్నాను కదా అని బీపీ మాత్రలు మానేసి, కొన్ని నెలలకు పక్షవాతం వచ్చి పడిపోయాడు. ఆయన భార్య ఆయనకు అన్నం తినిపించడం అక్క రోజూ చూస్తూనే ఉంది. ఆ రోజు నుంచీ అక్క భయమంతా అదే.

"ఏమయ్యా, ఆయన మాదిరి నువ్వూ పండుకుంటే నేనేం జెయ్యల్ల? ఒకటీ వద్దంటావు, లేదా అన్నీ మింగుతావు. నడిమిది లేదా నీకు?" అంది.

నేను డాక్టరమ్మకు ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. ఈ పూట ఏ బీపీ మాత్రా వద్దని, ఒంటరిగా లేవనీయవద్దని, మాట తడబడినా, వాంతి అయినా, మగతగా ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పింది. లేకపోతే రేపు పొద్దున్నే తీసుకురండి, ఇంట్లో ఆయన మింగే ప్రతి మాత్రా సంచిలో వేసుకుని రండి అంది.

మరునాడు అక్క గుడ్డ సంచి డాక్టరమ్మ బల్ల మీద కుమ్మరించింది. బీపీ మాత్రల అట్టలతో పాటు ఇంకొకటి కూడా జారి పడింది. ఎర్ర మాత్రల అట్ట.

"ఇదేంటిది తాతా?"

"అది మందు కాదమ్మా. మోకాలికి. మెడికల్ షాపులో ఇచ్చినాడు. ఎప్పుడన్నా నొప్పి ఉంటే."

"ఎప్పుడన్నా కాదమ్మా, దినామూ," అంది అక్క.

అప్పటిదాకా నవ్వుతూ ఉన్న డాక్టరమ్మ నవ్వు ఆపింది. ఇలాంటి నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయని, బీపీ మందులతో కలిస్తే కిడ్నీలకు దెబ్బ అని, అడక్కుండా ఒక్కటి కూడా వేసుకోవద్దని చెప్పింది. కిడ్నీలు, రక్తంలో ఉప్పులు చూడ్డానికి రక్తపరీక్ష రాసింది. తర్వాత పాత అట్టలు రెండూ, కొత్త అట్టా పక్కపక్కన పెట్టి, వెనకాల సన్నటి అక్షరాల మీద వేలు పెట్టి చూపించింది. పైన పేరు వేరు, కింద మందు ఒకటే. నాకు కళ్ళజోడు ఉండి కూడా అన్నాళ్ళూ ఆ కింది అక్షరాలు చదవాలని తోచలేదు.

బావ తన గుంజల మాట ఆమెకూ చెప్పాడు. ఆమె శ్రద్ధగా విన్నది.

"మీరు చెప్పేది తప్పు కాదు తాతా. కొన్ని మందులు అట్లా మెల్లగానే తీయల్ల. ఒక్కసారి ఆపితే బీపీ ఎగిరిపోతుంది. అట్లాంటిదయితే నేనే చెప్తాను. ఏది మెల్లగా, ఏది వెంటనే అనేది నన్ను అడగండి. మీరుగా తీయొద్దు, మీరుగా కలపొద్దు."

"మరి అది బరువెత్తుకున్యాదని నాకెట్ల తెలుస్తాది?"

ఆమె నా వైపు చూపించింది. "ఈయన దగ్గర మిషను ఉంది కదా. తట్టి చూస్తాడు."

రక్తపరీక్ష ఫలితం మరీ చెడ్డగా రాలేదు. నీళ్ళు తాగమని, నొప్పి మాత్ర మాని మళ్ళీ పరీక్ష చేయించమని అంది. బీపీ కొంచెం పైకి వచ్చిందని చూసుకున్నాకే కొత్త మాత్ర మళ్ళీ మొదలు పెట్టించింది. పొద్దున, కాఫీతో, ఒక్కటే. మంచం మీద నుంచి లేచేటప్పుడు కాసేపు కూర్చుని లేవమంది. బిందె ఎత్తే పని అక్క కూడా మానేసింది. పక్కింటి వాళ్ళు కొళాయికి గొట్టం తగిలించి ఇచ్చారు.

అయినా పాత అట్టలు రెండూ గూట్లోనే ఉన్నాయి. అక్క పారేయబోతే బావ చెయ్యి పట్టుకున్నాడట. "మింగను. ఊరికే ఉండనీ," అన్నాడట. నాకు దిగులుగానే ఉండేది. ఒకరోజు తల బరువుగా ఉంటే, అక్క ఇంట్లో లేకుంటే, ఆ గూడు ఆయన చేతికి అందే ఎత్తులోనే ఉంది. కానీ బలవంతంగా తీసేస్తే ఇంకో అట్ట కొనుక్కుంటాడని కూడా తెలుసు.

కాబట్టి ఆదివారాలు వెళుతూనే ఉన్నాను. కూర్చోబెట్టి చూసి, నిలబెట్టి చూసి, రెండూ గట్టిగా చదివి వినిపించేవాణ్ణి. "ఎట్ల మోగింది?" అని అడిగేవాడు. మొదటి వారం కొంచెం ఎక్కువే ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాను. అక్క నా వైపు కోపంగా చూసింది, ఆయన మళ్ళీ పాతవి అందుకుంటాడేమోనని. ఆయన అందుకోలేదు. "ఇంకా దిగతా ఉంటాది కొండ. తొందర లేదు," అన్నాడు. తర్వాత వారం తగ్గింది. కాళ్ళ వాపు తీసింది. ఆ తర్వాత రెండు మూడు వారాలు కూర్చున్నా నిలబడినా దాదాపు ఒకటే వచ్చింది.

ఒక ఆదివారం నేను ఆయన చేతికి చుట్టిన మిషను పట్టీ విప్పుతూ ఉంటే బావ అంకెలు అడగలేదు. తానే మిషను అద్దంలోకి వంగి చూసుకున్నాడు. తర్వాత కుర్చీ అంచుకు జరిగి, కాసేపు అలాగే కూర్చుని, మెల్లగా లేచి నిలబడ్డాడు. గోడ పట్టుకోలేదు. గూటి దగ్గరికి వెళ్ళి పాత అట్టలు రెండూ, వాటి వెనకాల దాచిన ఎర్ర మాత్రల అట్టా తెచ్చి నా సంచిలో వేశాడు.

"తీసకపో టైమాఫీసూ. కొత్తది బరువెత్తుకున్యాది."

అక్క వంటింటి గడప దగ్గరే నిలబడి చూస్తోంది. లోపలికి వెళ్ళి ముగ్గురికీ కాఫీ కలిపింది.