వెనక నుంచి ఊఁ

దయ్యాలున్నాయంటే నవ్వేవాణ్ణి. ఇప్పటికీ ఎవరైనా చెబితే నమ్మను. మా నౌపడ ఉప్పుమళ్ల గురించి ఊళ్లో ఏవేవో చెప్పుకునేవారు. ఆ గట్ల మీదే ఇరవై ఏళ్లు తిరిగాను, నాకేమీ కనపడలేదు. నేను చెప్పబోయేది కనిపించిన సంగతి కాదు, వినిపించిన సంగతి.

మీలో కొందరు నన్ను ఫోనులో చూసే ఉంటారు. ఉప్పు మీద ర్యాప్ పాడేవాణ్ణి. శ్రీకాకుళం యాసలో ర్యాప్ ఏమిటని నవ్వినవాళ్లే తర్వాత దండలు వేశారు. ఆ పాట రాసింది నేను కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చెప్పాల్సిన చోట చెప్పలేదు.

రాసింది మా సూరి బావ, మా మేనత్త కొడుకు. ఇద్దరం ఉప్పుమళ్లలో పనిచేస్తూ పెరిగాం. అక్కడ గట్టు ఒక్క మనిషి పట్టేంతే ఉంటుంది, పైగా జారుతుంది. నెత్తిన తట్టతో వెనక్కి తిరిగి చూడలేం. అందుకని వెనక నడిచేవాడు కొన్ని అడుగులకోసారి 'ఊఁ' అనాలి. అది వినపడితేనే ముందువాడు అడుగు వెయ్యాలి. వినపడలేదంటే వెనకవాడు జారిపడ్డాడని లెక్క. తట్ట దించేసి అక్కడే ఆగాలి.

మా ర్యాప్ కూడా అలాగే మొదలైంది. ముందు నేను, వెనక బావ. నేను లైను పూర్తి చెయ్యగానే బావ రెండో మైకులో 'ఊఁ' అనేవాడు. కడుపులోంచి వచ్చేది అది.

తర్వాత బావకి కిడ్నీలు పోయాయి. మా వైపు అది కొత్త జబ్బేమీ కాదు. డాక్టరు ఉప్పు మానెయ్యమన్నాడు. ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఉప్పు మోసినవాణ్ణి ఉప్పు ముట్టుకోవద్దన్నారు. ఆ కోపంతోనే డయాలసిస్ మంచం మీద ఆ పాట రాశాడు. నా చేత పాడించి, తప్పులు దిద్దాడు. రికార్డింగుకి వెళ్లకుండానే పోయాడు. ఆ పాటలో బావ గొంతు ఎక్కడా రికార్డు కాలేదు. ఇది గుర్తుంచుకోండి.

మూడు నెలల తర్వాత విజయనగరంలో ఒక కాలేజీ ఫంక్షన్లో ఒక్కణ్ణే పాడాను. ఎవరో అమ్మాయి ఫోనులో తీసి పెట్టింది. వారం తిరక్కుండా ఎక్కడ చూసినా అదే. కింద కామెంట్లలో అందరిదీ ఒకటే ప్రశ్న. వెనక 'ఊఁ' అంటున్నదెవరు?

స్టేజీ మీద నాకూ వినపడింది. జనంలో ఎవరో అంటున్నారనుకున్నాను. వీడియో పెట్టి వింటే ప్రతి లైను చివరా ఉంది.

తర్వాతి షో ఆమదాలవలసలో. మధ్యాహ్నం మైకులు సరిచూస్తున్నాం. ఆ ఊఁ ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చుదామని సౌండ్ చూసే ప్రసాద్ ముందు మ్యూజిక్ ట్రాక్ ఆపేశాడు. నా మైకు ఒక్కటే ఉంచి మిగతా వైర్లన్నీ పీకేశాడు. ఎండ మండిపోతోంది, మైదానంలో కుర్చీలు వేసేవాళ్లు తప్ప ఎవరూ లేరు. పాడాను. లైను చివర 'ఊఁ'. మళ్లీ పాడాను. మళ్లీ వచ్చింది. కుర్చీలు వేసేవాళ్లు కూడా తలెత్తి చూశారు. ఆ రోజు నుంచి ప్రతి షోలోనూ నేను అడక్కుండానే ప్రసాద్ నా వెనక ఇంకో మైకు స్టాండు పెట్టేవాడు.

నిజం చెప్పాలంటే నాకు భయం వెయ్యలేదు. ధైర్యంగా ఉండేది. పలాస, బొబ్బిలి, పార్వతీపురం, ఎక్కడికెళ్లినా వెనక నా మనిషి ఉన్నాడనిపించేది.

అప్పుడు టీవీ వాళ్లు పిలిచారు. బయల్దేరే రోజు పొద్దున్నే అత్త మా ఇంటికి వచ్చింది. ఎవర్నీ ఏమీ అడిగే మనిషి కాదు.

"నాయినా, నాకేటీ వద్దు. ఆడే రాసినాడని ఓపాలి టీవీలో సెప్పు. ఆడి పేరు నలుగురూ ఇననీ" అంది.

చేతిలో చెయ్యేసి చెబుతానన్నాను.

స్టూడియోలో మేకప్ వేస్తుండగా ఒకాయన వచ్చి, ఒక్కడి కథయితేనే జనానికి ఎక్కుతుంది, ఇద్దరైతే గందరగోళం అన్నాడు. బలవంతమేమీ చెయ్యలేదు. ఆ పాపం ఆయన మీద వెయ్యను. ఈ మాటలన్నీ మీవేనా అని యాంకర్ అమ్మాయి అడిగింది. "నావేనండి" అన్నాను. నాకే సిగ్గేసేంత తేలిగ్గా వచ్చింది ఆ మాట.

తర్వాత పాట పాడించారు. మొదటి లైను అయింది. వెనక ఏమీ లేదు. రెండో లైనుకీ లేదు. గోడతో మాట్లాడుతున్నట్టుంది నాకు.

రామతీర్థం షోలో కూడా అంతే. దిగాక ప్రసాద్‌తో చెప్పాను, ఈమధ్య ఆ ఊఁ రావట్లేదని. అతను నన్ను వింతగా చూశాడు.

"రాకపోడమేటి అన్నా? ఈరోజు మరీ గట్టిగా వచ్చినాది" అన్నాడు.

టీవీ వీడియో కింద కామెంట్లు చూశాను. ఆ ఊఁ వింటే ఒళ్లు జలదరించిందని రాశారు. పాత కాలేజీ వీడియో పెట్టుకున్నాను. ఇదివరకు ప్రతి లైనుకీ విన్న ఊఁ అందులో కూడా నాకు వినపడలేదు. చెవుల డాక్టరు దగ్గరికెళ్తే రెండూ బాగున్నాయన్నాడు.

బావ పేరు తర్వాత చెప్పాను. ఇంకో చానెల్లో చెబితే ఆ ముక్క కోసేశారు. ఇప్పుడు ప్రతి స్టేజీ మీదా చెబుతున్నాను, జనం ఈలలేసి పాట మొదలెట్టమంటారు. అడిగిన రోజున చెప్పలేదు, ఇప్పుడు చెబితే ఎవడికి కావాలి.

మొన్న నౌపడ వెళ్లి అత్త కాళ్ల దగ్గర కూర్చున్నాను. తప్పయిపోయిందన్నాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. ఫోనులో ఆ టీవీ పాటే పెట్టుకుని వింటోంది. ప్రతి లైను చివరా తలాడిస్తోంది, సరిగ్గా బావ పలికే చోట. నాకు వినపడట్లేదత్తా అన్నాను.

"అదేటిరా? నా కొడుకు సుబ్బరంగా ఊఁ కొడతన్నాడు. నీకినబడ్లేదేటి?" అంది.

దీన్ని ఏమనాలో నాకు తెలీదు. రేపు టెక్కలిలో షో ఉంది, ప్రసాద్ నా వెనక స్టాండు పెడతాడు. మా మళ్లలోనైతే ఊఁ వినపడనప్పుడు తట్ట దించి ఆగాలి. నేను ఆగలేదు, పాడుతూనే ఉన్నాను.