పాట వెనక దగ్గు

చెవిపిన్ని అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. ఆవును కొనేటప్పుడు అందరూ పళ్ళు చూస్తారు, పొదుగు చూస్తారు. ఆమె ఇంకో పని కూడా చేస్తుంది. ఆవు డొక్కకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని ఊపిరి వింటుంది.

"ఏం పిన్నీ, లోపల ఎవరన్నా మాట్లాడుతున్నారా?" అని సంతలో అమ్మేవాళ్ళు ఎకసెక్కాలాడేవారు.

"ఆఁ, నీ గుట్టంతా చెప్పేస్తోంది" అనేది.

అలా విని విని, ఒక్కొక్కటే కూడబెట్టినవి ఎనిమిది ఆవులు. ఇరవై ఏళ్ళలో రోగిష్ఠి పశువు ఆమె గుమ్మం తొక్కలేదు.

ఇప్పుడు సంత మూతపడింది. బేరాలన్నీ ఫోనులోనే, వేలంలోనే. మంగళవారం పదకొండింటికి గోధుమరంగు ఆవు వీడియో ఒకటి వచ్చింది. నిగనిగలాడే ఒళ్ళు, నిండు పొదుగు, వెనకాల హుషారైన పాట. తెరమీద టైము తరిగిపోతుంటే, మొగుడు ధర పెంచుతూ నొక్కుతూనే ఉన్నాడు.

"కాస్త ఆగవయ్యా, ఊపిరెలా ఉందో ఏమో!"

"ఫోనుకి చెవి ఆనించి చూడవే మరి" అని నవ్వి, ఆఖరుసారి నొక్కేశాడు. ఆవు వాళ్ళదైపోయింది.

గురువారం పొద్దున లారీ వచ్చింది. కొత్త పశువును వేరేగా కట్టాలని ఇద్దరికీ తెలుసు. కానీ వాన దంచుతోంది, డ్రైవరు తొందరపెడుతున్నాడు. మొగుడు తాడందుకుని తిన్నగా షెడ్డులోకి లాక్కెళ్ళి, నీళ్ళతొట్టి దగ్గర నల్లావు పక్కన కట్టేశాడు. గట్టిగా పది నిమిషాలు కూడా కాలేదు. కొత్తది నల్లావుతోపాటే తొట్టిలో మూతి పెట్టి తాగింది. తాగి, మెడ ముందుకు సాచి, నాలుక బయటపెట్టి దగ్గింది.

పిన్ని చేతిలోని గడ్డిమోపు జారిపోయింది. గబగబా వెళ్ళి డొక్కకు చెవి ఆనించింది. లోపల పిల్లి కూర్చుని గురగురమంటున్నట్టుంది.

"ఏమయ్యా, ఆ వీడియో మళ్ళీ పెట్టు. సౌండు తీసేసి పెట్టు."

పాటతో చూసినప్పుడు ఆవు తల ఊపుతోందనుకున్నారు. పాట లేకుండా చూస్తే మెడ సాచడం, నాలుక బయటికి రావడం, పక్కలు ఎగిరిపడటం. ఒకటి, రెండు, మూడుసార్లు.

"పాటకి తాళం వేస్తోందనుకున్నానే" అన్నాడు మొగుడు.

మధ్యాహ్నం పశువుల డాక్టరమ్మ వచ్చి రక్తం తీసింది, ముక్కులోంచి నీరు తీసింది.

"అంటుకునే జబ్బయితే షెడ్డంతా చుట్టేస్తుంది పిన్నిగారూ. ఫలితం ఆదివారం వస్తుంది. అప్పటిదాకా దీన్ని చూసుకునే మనిషి పాతవాటి దగ్గరికి పోకూడదు. బకెట్టు కూడా వేరే ఉండాలి."

"ఈపాటికే అంటుకుని ఉంటేనో అమ్మా?"

డాక్టరమ్మ బ్యాగు మూసుకుంటూ, "దగ్గు వినబడితే వెంటనే ఫోన్ చెయ్యండి" అంది.

పిన్ని కొత్తావును స్కూటరు పెట్టుకునే రేకులకిందికి మార్చింది. తానూ అక్కడే మకాం వేసింది. షెడ్డుకీ ఆమెకీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ గోడకేసి చెవి పెట్టుకుని కూర్చునేది. అటునుంచి గొలుసు కదిలినా లేచి నిలబడేది.

పాలు పితకడం మొగుడి నెత్తిన పడింది. ఆవులకు ఆమె చెయ్యే అలవాటు. ఆయన కూర్చుంటే ఒక్కటీ చేపలేదు, పాలన్నీ బిగబట్టేసుకున్నాయి.

"నీ చీర కట్టుకుంటే నువ్వే అనుకుంటాయేమోనే" అన్నాడు గోడ అవతలనుంచి.

"బీరువాలోది తీసుకో. తీగమీదవి ముట్టుకున్నావో చూడు! వాటిమీద దీని గాలి పడింది."

ఆయన చీర చుట్టుకుని, చెంగు నోట కరుచుకుని వాకిట్లోంచి వెళ్తుంటే చూసి పిన్నికి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

శుక్రవారం గడిచింది. శనివారం పొద్దున కూడా అటువైపు ఏ చప్పుడూ లేదు. "తప్పించుకున్నామేమోనయ్యా" అని నోటిదాకా వచ్చింది కానీ, అంటే ఏమవుతుందోనని మింగేసుకుంది.

సాయంత్రం పాలవేళ. బకెట్టులో ధార పడుతున్న చప్పుడు గోడదాటి సన్నగా వినిపిస్తోంది. ఉన్నట్టుండి ధార ఆగిపోయింది. వెంటనే దగ్గు.

పిన్ని దిగ్గున లేచింది.

"ఎవరది? నువ్వేనా దగ్గింది?"

బకెట్టు పక్కకు జరిపిన చప్పుడైంది.

"నేనేలేవే. చీర దుమ్ము గొంతుకి తగిలింది."

"మళ్ళీ ఒకసారి దగ్గు చూద్దాం."

"ఏంటే నీ చాదస్తం?"

"దగ్గవయ్యా, నీకు దణ్ణం పెడతాను."

ఆయన దగ్గాడు. పిన్ని కళ్ళు మూసుకుని విన్నది. అది మనిషి దగ్గు. ఇందాకటిది కాదు.

"ఏదయ్యా?" అంది. గోడమీద చేత్తో కొట్టి మళ్ళీ అడిగింది. "ఏదీ? చెప్పు!"

"నల్లావే" అన్నాడు మొగుడు.

ఆమె డాక్టరమ్మకు ఫోన్ కలిపింది. అటు మోగుతుండగానే, గోడ అవతల ఇంకోటి దగ్గింది.