అచ్చుకు ఒళ్లంతా మసి

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజుల్లో, చిత్తూరులో మా మేనమామ కొలిమికి రెండు ఆస్తులుండేవి. ఒకటి రైలుపట్టా ముక్కతో చేసుకున్న ఉక్కు అచ్చు. రెండోది ఆ అచ్చును గురించి ఆయనకుండే భయం. బండి ఇరుసు నుంచి చక్రం జారకుండా చివర గుచ్చే కడశీలలు అందులోనే తయారయ్యేవి. ఎర్రగా కాలిన ఇనుము ఆయన అందులో పెడితే, నేను సమ్మెటతో కొట్టేవాణ్ణి. ఉక్కు దొరకని కాలం. అచ్చు పగిలితే ఇంకొకటి లేదు. మామ కొలిమి మూసి, ఇంకొకరి కొలిమిలో కూలికి పోవాల్సిందే. ఆ మాట ఆయన రోజూ అనేవాడు గనక నేను రోజూ నవ్వేవాణ్ణి.

అచ్చు ఆయుష్షు కోసం ఆయన ఒక పూత పూసేవాడు. కుండల అడుగున గీకిన మసి, మెత్తటి బంకమన్ను, గంజి కలిపి, వెచ్చగా ఉన్న అచ్చు లోపల కొబ్బరిపీచుతో పల్చగా రాసేవాడు. తడి సుయ్యిమని ఆరిపోయి నల్లటి పొర మిగిలేది. ఆ పొర ఉంటే కాలిన ఇనుము ఉక్కును కరుచుకోదు, సెగ నేరుగా తగిలి అచ్చు నెర్రెలివ్వదు. పెళ్లికూతురికి నలుగు పెట్టినంత శ్రద్ధ. పెళ్లికూతురు మాత్రం రోజురోజుకూ నల్లబడేది.

ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు పనిముట్లకు పసుపు కుంకుమ పెట్టాక మరునాటి దాకా ఎవరూ ముట్టకూడదు. నేనూ మామా పూలకు బజారుకు పోయి వచ్చేసరికి, అత్త సుత్తి మొదలు అచ్చు దాకా అన్నిటికీ పసుపు పట్టించేసింది. మామ చేతులు జోడించాడు. ముట్టకూడదు గనక పసుపు కింద ఏముందో చూడలేదు.

మరునాడు దశమి. మొదటి ఇనుము కాల్చి అచ్చులో పెట్టాం. కొట్టాను. మామ పటకారుతో లాగితే ఇనుము ఊడిరాలేదు.

"ఏమే, దీన్నేం జేసినావు?"

"చింతపండేసి తోమినా. పండగపూట మసి మొగంతో కూసోబెట్టేదా? ఎంత మురికి పాయనో తెలుసునా!"

మామ ఇనుము కొట్టే దాగలి పక్కన కూలబడ్డాడు. "పూత పాయనప్పా. నా బతుకే పాయ."

"అచ్చు పాయనా, బతుకు పాయనా, ఏదో ఒకటి సెప్పు మామా. పుత్తూరు పోయి ఎముకల కట్టు కట్టించుకోనొస్తాం," అన్నాను.

ఆయన నవ్వలేదు. అత్త చెంబుతో నీళ్లు తెచ్చి పోయబోయింది. మామ ఒక్క గంతులో చెంబు పట్టుకున్నాడు.

"పోసినావంటే రెండు ముక్కలయితాది!"

బతుకు పోయిన మనిషి అంత వేగంగా కదలడం నేను అదే మొదటిసారి చూడటం.

చల్లారేదాకా చూడటం తప్ప చేసేదేమీ లేదు. ముగ్గురం కూర్చుని పూజలో పెట్టిన బొరుగులు తిన్నాం. మామ కూడా తిన్నాడు, దుఃఖం తగ్గకుండానే.

చల్లారిన ఇనుము కాస్త ముడుచుకుంది. మామ అచ్చును బోర్లించి కర్రతో మెల్లగా తట్టాడు. శీల ఊడిపడింది. అచ్చు లోపల ఒక మూల వెంట్రుకంత నెర్రె. ఆయన దాని మీద గోరు నడిపి చూశాడు.

"గోరు పట్టలే, పైపైదే. ఇంకా పని జేస్తాది."

అత్త లోపలికి పోయి, కుండల అడుగులు గీకి, దోసెడు మసి తెచ్చి ఆయన ముందు పోసింది.

ఆ నెర్రెతోనే అచ్చు యుద్ధం దాటింది. తర్వాతి ఆయుధపూజకు అత్త అన్నీ తోమింది గానీ, దాన్ని చింతపండు కంట పడనీయలేదు. నల్లటి అచ్చుకు ఒక్క కుంకుమ బొట్టు, అంతే. దిష్టి తగలకుండా బిడ్డలకు బుగ్గన మసిచుక్క పెడతారు. మా అచ్చుకు ఒళ్లంతా పెట్టాం.