గట్టు రాయిని నమ్మి తవ్విన గొయ్యి

ఉద్యోగం పోవాలంటే మనిషికి సోమరితనమైనా ఉండాలి, చేతివాటమైనా ఉండాలి. ఆ రెండూ లేకుండా, ఎండలో మాడి, ఒళ్లు వంచి, నిజాయితీగా పనిచేసి మరీ ఉద్యోగం ఊడగొట్టుకున్న మొనగాణ్ణి నేను. ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అరవైల చివర మాట. విజయనగరం కాలేజీలో చరిత్ర చదివి బయటపడగానే తవ్వకాల పనిలో తాత్కాలికంగా కుదిరాను. పని బాగుంటే పర్మనెంటు చేస్తామన్నారు. నాకు అంతకన్నా ఏం కావాలి! కోటబొమ్మాళి దగ్గర పల్లెలో అప్పలస్వామి అనే రైతు మెట్టచేనులో నాగలికి నున్నటి రాతి గొడ్డళ్లు తగిలాయి. ఊరివాళ్లు అవి పిడుగు రాళ్లని చూరులో దాచుకుంటే, మా ఆఫీసరుగారు వచ్చి చూసి, కొత్త రాతియుగం మనుషులు ఇక్కడ కాపురాలు చేశారని తేల్చారు. నన్ను అక్కడ వదిలి వెళ్తూ ఒకే ఒక్క మాట చెప్పారు.

"కదలనిది ఏదైనా ఒకటి చూసుకో. ప్రతి గొయ్యీ దాన్నుంచే కొలిచి వెయ్యి."

అప్పలస్వామికి వేరే బాధ ఉంది. "ఉలవలు సల్లాల బాబూ. పదును పోతే ఒక్క గింజ మొలవదు. ఏ రోజు గొయ్యి ఆ రోజే పూడ్సీండి, ఎనకాతలే దున్నీసుకుంటాను" అన్నాడు. సరేనన్నాను. పాతిన మేకులు కూడా నాగలికి అడ్డమని సాయంత్రానికి పీకించేసేవాడు. అంటే రోజూ పొద్దున్నే మళ్లీ కొలుచుకోవాలి. కదలనిది కావాలి. నలువైపులా చూశాను. అప్పలస్వామి చేనుకీ, పక్కనే ఉన్న అతని బావ సింహాచలం చేనుకీ మధ్య గట్టు మీద నడుమెత్తు రాయి ఒకటి నిలబడి ఉంది. ఆహా, ఇంతకన్నా కదలనిది ఈ జిల్లాలో ఉంటుందా అనుకున్నాను. అప్పుడే నా నోట్లో ఎవరైనా మట్టి కొట్టి ఉంటే బాగుండేది.

బావాబావమరుదులిద్దరూ వచ్చి నా టేపు వంక కళ్లార్పకుండా చూశారు.

"గవర్నమెంటు కొలత ఈ రాయి నుంచేనా బాబూ?"

"దీన్నుంచే. కాగితం మీద కూడా ఎక్కించేస్తున్నాను" అన్నాను దర్జాగా.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వీళ్లకి శాస్త్రమంటే ఎంత శ్రద్ధో అని నేను మురిసిపోయాను చూడండి, ఆ మొహాన్ని పట్టుకుని ఇప్పుడు నాలుగు వాయించాలనిపిస్తుంది.

రాయికి దూరంగా జరుగుతూ, గొయ్యికీ గొయ్యికీ మధ్య మూరెడు వదిలి రోజుకొకటి తవ్వించాను. నాలుగు రోజులు పెంకులూ బూడిదా తప్ప ఏమీ లేవు. అయిదో రోజు ఒక పక్కంతా గునపం అక్కర్లేకుండా మట్టి మెత్తగా వచ్చేసింది. ఆ మెత్తదనం తిన్నగా, గోడ కట్టినట్టు ఒక గీత దగ్గర ఆగింది. నా గుండె ఆగింది. రాతియుగం వాళ్లు తవ్వుకున్న గొయ్యి! అందులో బీడీ ముక్క ఒకటి దొరికింది. ఎలక లాక్కొచ్చి ఉంటుందిలే అని పారేశాను. ఈ ఒక్క గొయ్యీ పూడ్చొద్దని చెప్పి, పరుగున పోస్టాఫీసుకి వెళ్లి "గొప్ప గొయ్యి దొరికింది, వెంటనే రండి" అని టెలిగ్రాం కొట్టాను.

మర్నాడు పాసింజరులో ఆఫీసరుగారు దిగారు. గోతిలోకి దిగి మట్టి నలిపి చూశారు. వాసన చూశారు. తరవాత, తట్టలు మోసే పైడమ్మని పిలిచారు.

"ఏమ్మా, ఈ మట్టి ఎప్పటిది?"

"ఎప్పటిదేటి బాబూ? మొన్న సాయంత్రం నానే పూడ్సినాను కదా!"

"మరి నాతో చెప్పవేం?" అని అరిచాను.

"మీరడిగినారేటి? తవ్విన గొయ్యి మల్లీ తవ్వమన్నారు. సదువుకున్నోలు కదా, ఏదో ఉంటాదిలే అనుకున్నాను."

"రాయి నుంచి కొలిచే వేశాను సార్" అన్నాను ఏడుపు గొంతుతో.

పైడమ్మ నోరు నొక్కుకుంది. "ఆ రాయా? అయ్యో బాబూ, అది నడిసే రాయి! అప్పలసామి అటు తోస్తాడు, ఆల బావ ఇటు తోస్తాడు. మూడేల్లై ఊరుకున్నారు. మీరు గవర్నమెంటు కొలతన్నారు కదా, మల్లీ మొదలెట్టీసినారు."

ఆఫీసరుగారు నా పుస్తకం తిరగేశారు. రోజూ ఆ రాయి నుంచి సింహాచలం చేనులోని తాటిచెట్టుకి దూరం రాయడం నియమం. రాశాను. రోజుకో అంకె.

"ఇదేమిటయ్యా?"

"ఎండకి టేపు సాగిందనుకున్నాను సార్."

ఆయన పుస్తకం మూయబోయారు. ఈలోగా, బావమరిదితో పాటు గట్టు మీంచి చూస్తున్న సింహాచలం వచ్చి ఆ పుస్తకం మీద పడ్డాడు. "సూడండి, అయిదో నాడు రెండు మూరలు నా సేనులోకొచ్చీసింది! దొంగతనం కాయితం మీదే ఉన్నాది!"

"ఒరే బావా, రెండో నాటిది సదివించరా ముందు! అది ఎవుడు తోసినాడు?" అని అప్పలస్వామి రెండో వైపు పట్టుకుని లాగాడు.

ఇంతకీ అప్పలస్వామి ఉలవలు బ్రహ్మాండంగా మొలిచాయి. నా ఉద్యోగమే మొలవలేదు. పుస్తకం మాత్రం కోర్టుకెక్కింది. నన్ను సాక్షిగా ఇద్దరూ పిలిచారు, ఇద్దరూ తిట్టారు. చివరికి జడ్జీగారు కళ్లజోడు తీసి, "హద్దు రాయి దొంగతనాన్ని తేదీల వారీగా, అంగుళాలతో సహా ఇంత శ్రద్ధగా రాసిన మనిషిని నా సర్వీసులో చూడలేదు" అన్నారు. తవ్వకాల్లో నా పనికి దొరికిన మెప్పు అదొక్కటే.

అందుచేత పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ గట్టు మీద ఏ రాయి కనబడినా, దానికి అటూ ఇటూ ఉన్న రైతులు ఒకరికొకరు ఏమవుతారో కనుక్కున్నాకే టేపు విప్పుతాను. పరాయివాళ్లైతే తవ్వకం. బావాబావమరుదులైతే వచ్చిన బస్సులోనే వెనక్కి.